ముందు వీధి కారు, వెనక వీధి కారు

రేపు పొద్దున తొమ్మిది గంటల పది నిమిషాలకు గిద్దలూరులో ముహూర్తం. శ్యామలమ్మ మనవడి నిశ్చితార్థం. అది దాటితే ఆషాఢం, మళ్లీ నెల్లాళ్లు ఆగాలి. అన్నాళ్లు పిల్ల తాత మనసు నిలుస్తుందన్న నమ్మకం ఆమెకు లేదు. ఇప్పటికే రెండు సంబంధాలు వద్దన్న మనిషి ఆయన.

పోవాల్సినవాళ్లు ఎనిమిది మంది. పళ్లాలు, పూలు, చీర వేరే. మార్కాపురంలో బాడుగ కార్లన్నీ పెళ్లిళ్లకు పోయాయి. పోతే పోయాయి. ముందు వీధిలో బట్టల కొట్టు చంద్రశేఖరరావుకు తెల్ల కారుంది. వెనక వీధిలో స్టీలు సామాన్ల వలి బాషాకూ తెల్ల కారుంది. ఇద్దరూ ఆమె చంకనెత్తుకుని తిప్పిన పిల్లలే. ఇప్పుడు ఇద్దరికీ బట్టతల.

ముందు రావు ఇంటికి వెళ్లింది.

"శేఖరా, రేపు నీ కారు గావాలయ్యా."

"దానికేముందత్తా. ఐదింటికల్లా నీ వాకిట్లో ఉంటది. డీజిల్ నేనే పోయిస్తా."

"నీ కడుపు చల్లగుండ. ఇంకోటి బాషాను అడుగుతాలే."

రావు ముఖం వాడింది. "బాషానా? వాని కారు వద్దత్తా. కంభం దాటకముందే మొరాయిస్తది."

వెనక వీధికి వెళితే బాషా కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు.

"కారే కదా పెద్దమ్మా. నేనే తోల్తా."

"శేఖరం కూడా ఇస్తన్నాడురా. ఒక్కోదాంట్లో నలుగురు పడతారు."

బాషా టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆయనది వస్తాంటే నాది రాదు."

"ఏందిరా ఆ పంతం?"

"పంతం కాదు పెద్దమ్మా. ఆయనది వద్దని చెప్పు, నాది ఈ నిమిషమే పంపిస్తా."

శ్యామలమ్మ ఊరుకునే మనిషా? రావును చెయ్యి పట్టి లాక్కొచ్చి బాషా ఎదుట కూర్చోబెట్టింది.

"ఏం గొడవ పడినారో నాకొద్దు. రేపొక్క పూట ఇద్దరూ తోలండి."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"రెండు ట్రిప్పులు వేస్తే?" అన్నాడు రావు మెల్లగా.

"తొలి ట్రిప్పులో పిల్లోణ్ని, రెండో ట్రిప్పులో వాళ్ల నాయన్నా? పిల్ల తాత నవ్విపోతాడు. మీ కార్లలో మీరే ఊరేగండి" అని లేచింది.

తెల్లవారి తొలి బస్సుకు ఇంటిల్లిపాదీ కదిలారు. బస్టాండులో చూస్తే రావూ బాషా ముందే వచ్చి, కిటికీల్లోంచి తువ్వాళ్లు వేసి ఎనిమిది సీట్లు పట్టి ఉన్నారు. పళ్లాల మూటలు కూడా వాళ్లే ఎక్కించారు. శ్యామలమ్మ ముఖం తిప్పుకుని బస్సెక్కింది.

ఎనిమిదిన్నరకల్లా గిద్దలూరు. ముహూర్తానికి తాంబూలాలు మారాయి. "అందరూ ఒక్కసారే దిగినారు, ఎవరి కోసమూ కాచుకునే పని లేకపోయె" అని పిల్ల తాత సంబరపడ్డాడు.

సాయంత్రానికి ఆమె కోపం కరిగింది. లడ్డూల పొట్లం పట్టుకుని రావు ఇంటికి పోయింది.

"షెడ్డులో ఉన్నాడు పిన్నీ" అంది రావు భార్య అన్నపూర్ణ.

శ్యామలమ్మ షెడ్డు తలుపు తోస్తే, అవతలి గోడకు బాషా వీధిలోకి తెరుచుకునే ఇంకో తలుపుంది, మధ్యలో ఒకే ఒక్క తెల్ల కారుంది, దాన్ని ఆ పక్క నుంచి బాషా, ఈ పక్క నుంచి రావు గుడ్డ పెట్టి తుడుస్తున్నారు.