గుర్రానికి నెల గడువు

"కదలదేం?" టాంగాలోంచి అరిచిండు వకీలు సాబ్. పంజగుట్ట నడిరోడ్డు మీద గుర్రం బండరాయిలెక్క నిలబడ్డది.

"కీర్తన కుదరలేదు సాబ్," అన్నడు కిందికి దిగి గుర్రం పక్కన నిలబడ్డ జ్ఞానరాజు.

వకీలు తిట్లు పడలేక పని మానేస్తున్న టాంగావాలా అతనే. నమ్మకుంటే మీ ఇష్టం, అతని చర్చి కీర్తన వినందే ఆ గుర్రం అడుగెయ్యదు. అందుకే నెల ముందు చెప్పి, తన జాగల కొత్తగా వచ్చిన ధర్మయ్యకు ఆ పాట నేర్పుతుండు. ఇయ్యాల ఆఖరు రోజు.

పగ్గాలు పట్టుకున్న ధర్మయ్య మళ్లీ పాడిండు. గుర్రం తోకన్నా ఊపలేదు.

"ఇది కదిలితేనే నిన్ను వదిలేది," అన్నడు వకీలు.

"ఇంకెట్ల నేర్పాలె సాబ్?"

ఏడేండ్లు ఆ పాట వినపడంగనే "నోర్ముయ్" అని కసిరిన వకీలు, కండ్లు మూసుకొని తానే కీర్తన ఎత్తుకున్నడు. గుర్రం దౌడు తీసింది.

"ఇగ పోవోయ్ జ్ఞానరాజు, నువ్వు లేకున్నా నడుస్తది!"

జ్ఞానరాజు బండెనక ఉరికిండు. "రెండో చరణం తప్పు పాడుతున్నరు సాబ్! జర ఆగుండ్రి, ఇంకో నెల ఉంట!"