సాధు గుర్రం

నవంబరు పదహారు. ఆల్దీస్ ఆ తేదీ మరిచిపోలేదు.

ఆ మధ్యాహ్నం గుర్రం కొనడానికి వెళ్ళిన ఆమెకు హాల్‌వర్దుర్ ఇంట్లో ఉప్పులో ఊరేసిన గుర్రం మాంసం, ఉడికించిన బంగాళాదుంపలు పెట్టారు.

"ఇది తినే గుర్రం, బయట ఉన్నది ఎక్కే గుర్రం. రెండూ మెత్తనివే!" అన్నాడు హాల్‌వర్దుర్.

అతని భార్య నవ్వింది. నాలుగో పళ్ళెంలో మాంసం సగం తిని వదిలేసి ఉంది. ఎవరిదని ఆల్దీస్ అడగలేదు.

"నాకు అరవై నాలుగు. ఇంతవరకు గుర్రం ఎక్కి ఎరగను. పడేయదు కదా?"

"మోల్దానా? మన ఐస్‌లాండు గుర్రాల నడకే మెత్తన. అందులో ఇది మరీ సాధువు. దీని మీద నిండు కప్పు పట్టుకుని కూర్చున్నా చుక్క తొణకదు."

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. ఏటా సెప్టెంబరులో అందరూ గుర్రాల మీద వెళ్ళి కొండల్లోంచి గొర్రెలను తోలుకొస్తుంటే, ముప్ఫై ఏళ్ళుగా ఆమె దొడ్డిగోడ పక్కన నిలబడి వాళ్ళకు కాఫీ పోసింది. ఒక్క ఏడాదైనా ఆ కాఫీ గుర్రం మీద కూర్చుని తను అందుకోవాలి.

మోల్దాను కొని, పట్నం చివర గుర్రపుశాలల వీధిలో ఉంచింది. రోజూ పదకొండింటికి వెళ్ళేది. మోల్దా ఆమెను ఉయ్యాలలో పాపాయిలా మోసింది.

ఒక్కటే చికాకు. ఆమె వెళ్ళేసరికే దాని వీపు చెమ్మగా ఉండేది. తొట్టిలో నల్లరొట్టె తునకలు కనిపించేవి.

"నీ గుర్రం నీకంటే ముందే షికారుకెళ్ళొస్తోంది అక్కా! ఎవడో ప్రియుడు దొరికాడు దానికి," అన్నాడు పక్క శాల కేతిల్.

ఫిబ్రవరిలో ఒకరోజు ఎనిమిదింటికే వెళ్ళింది. బయట ఇంకా చీకటి.

ఎవరో కుంటికాలి ముసలాయన మోల్దా ఒళ్ళు తుడుస్తున్నాడు. రొప్పుతున్నాడు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది.

"ఎవరయ్యా నువ్వు?"

"ఇక్కడే వృద్ధాశ్రమంలో ఉంటానమ్మా."

"అడక్కుండా పరాయివాళ్ళ గుర్రం ఎక్కడానికి సిగ్గనిపించలేదూ?"

"రోజూ అనిపిస్తుందమ్మా."

"మరి ఎందుకెక్కావ్?"

ముసలాయన మోల్దా మెడ నిమిరాడు.

"మీరు ఎక్కేముందు దీన్ని ఎవరిచేతైనా గంటసేపు పరిగెత్తించండమ్మా. ఒక్క రోజు కూడా మానకండి."

"నా గుర్రం సంగతి నువ్వా నాకు చెప్పేది? ఇంకోసారి కాలు పెట్టావంటే పోలీసులను పిలుస్తా!"

ఆయన జేబులోని రొట్టె తునక మోల్దా నోటికి అందించి, కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే ఆల్దీస్ తాళం వేసింది. ఆ వీధిలో తాళం పడ్డ తలుపు అదొక్కటే.

నాలుగో రోజు మోల్దా వెనక్కాళ్ళు ఎగరేసి ఆమెను కింద పడేసింది. ఆల్దీస్ తుంటి ఎముక విరిగింది.

"ఇక గుర్రం ఊసెత్తకండి," అన్నాడు డాక్టరు.

మే నెలలో కర్ర ఊతంగా హాల్‌వర్దుర్‌ను కడిగేయడానికి వెళ్ళింది. ఇంట్లో ఎవరో పోయారన్న గుర్తుగా, ముందు జెండా సగానికి దించి ఉంది. అయినా ఆగలేదు.

"సాధు గుర్రమని చెప్పి నా కొంప ముంచావు కదయ్యా! ఇక ఈ జన్మలో..."

బల్ల మీద కొవ్వొత్తి వెలుగుతోంది. దాని పక్కన ఫొటోలో ఆ ముసలాయన.

"మా నాన్న," అన్నాడు హాల్‌వర్దుర్ తల వంచుకుని. "మోల్దా ఏనాడూ సాధువు కాదు. నేను మీకు అబద్ధం చెప్పబోతున్నానని తెలిసి, ఆ రోజు పళ్ళెం ముందు నుంచి లేచిపోయాడు. 'ఆవిడ ప్రాణం తీస్తుందిరా అది' అని, మర్నాడే పట్నం వెళ్ళి ఆశ్రమంలో చేరాడు. రోజూ తెల్లారకముందే దాని పొగరంతా తన ఒంటి మీద దించుకుని, మెత్తబడ్డాక మీకు వదిలి వెళ్ళేవాడు."

"నాకో మాట చెప్పొచ్చుగా!"

"చెబితే కొడుకు దొంగని తేలిపోదూ?"

ఆమె కర్ర గట్టిగా పట్టుకుంది.

"ఫిబ్రవరిలో ఏమైందో తెలీదండీ. ఉన్నట్టుండి పొద్దున్నే లేవడం మానేశాడు. ఆ తర్వాత మంచం దిగనే లేదు."

ఏమైందో ఆమె చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆల్దీస్ మోల్దా తొట్టిలో నల్లరొట్టె తునక వేసింది. తాళం ఊడదీసి, పొద్దున్నే ఇక ఆయన వచ్చి తెరవని ఆ తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.