రెండు వందల అడుగులు

మునికుమార్ ఆటో వెనకాల ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ కుర్చీ కట్టి ఉంటుంది.

చంద్రగిరి కోట చూడాలని ఉండి కూడా నడవలేని పెద్దవాళ్ళ కోసం అది. ఆటోను ఎంతవరకు పోనిస్తే అంతవరకు తీసుకుపోతాడు. అక్కడి నుంచి కుర్చీ తనే మోసుకుంటూ, నాలుగు చోట్ల కూర్చోబెట్టి కోట కథ చెప్తాడు. మొత్తం మీద రెండు వందల అడుగులకు మించి నడక ఉండదు.

ఆ ఆలోచన అతని భార్య ప్రసన్నకుమారిది.

పోయిన ఏడాది హైవే మీద ఆమె ఎక్కిన బస్సును లారీ గుద్దినప్పుడు చనిపోయింది.

అప్పటి నుంచి మునికుమార్ పొద్దున్నే లేస్తాడు. ఆటో తీస్తాడు. రాజుల గురించి చెప్తాడు. ఇంటికి వచ్చి పడుకుంటాడు. ఏడుపు రాలేదు. రాలేదన్న దిగులు కూడా లేదు.

అతను తట్టుకోలేనిది ఒక్కటే, ఎవరైనా ఆమె మాట ఎత్తడం. ఓదార్చడానికి వచ్చినవాళ్ళంతా దేవుడు మంచివాళ్ళనే తొందరగా తీసుకుపోతాడని చెప్పి, కాఫీ తాగి వెళ్ళారు. ఆ తర్వాత ఎవరు మొదలుపెట్టినా మాట మార్చేయడం నేర్చుకున్నాడు.

ఆనందమ్మ తడ అనే ఊరి నుంచి ఒక్కతే వచ్చింది.

అరవై దాటిన మనిషి. రెండు చంకల్లో రెండు కర్రలు. మెడలో సన్నటి సిలువ గొలుసు. రేణిగుంటలో గోడౌన్‌లో పనిచేసే ఆమె కూతురు నిస్సీ రెండు రోజుల ముందే ఫోన్ చేసి, ఇంకెవరినీ కలపొద్దని, ఆ పూట అమ్మ ఒక్కదానికే చూపించాలని మరీ మరీ చెప్పింది.

మునికుమార్ రాజమహల్ ముందు నీడ చూసి కుర్చీ వేశాడు. కలప వాడకుండా మూడంతస్తులు ఎలా లేపారో చెప్పాడు. ఆమె మహల్ వైపు ఒకసారి చూసింది. తర్వాత అతని ముఖాన్నే చూస్తూ కూర్చుంది.

పొద్దున ఏమైనా తిన్నాడా అని అడిగింది. తిన్నానన్నాడు. తినలేదు.

రాణిమహల్ దగ్గర, ఇంట్లో వంట ఎవరు చేస్తారని అడిగింది. తనే వండుకుంటానని చెప్పి అతను గోడ మీది సున్నపు పని చూపించబోయాడు.

"నాయనా, మీ ఇంటామె..." అని ఆమె మొదలుపెట్టింది.

"ఇది రాణుల కోసం కాదు, గుర్రాల కోసం కట్టినారని కూడా కొందరంటారమ్మా" అన్నాడు మునికుమార్.

ఆమె కర్రలు సర్దుకుంది.

ఈమెకు కూడా ఎవరో చెప్పి ఉంటారనుకున్నాడు. ఊళ్ళో తెలియనివాళ్ళు ఎవరున్నారు?

మూడో చోటు కప్పు కూలిన మండపం. కూర్చోవడానికి చెయ్యి అందిస్తే, కుర్చీలో కూర్చున్నాక కూడా ఆమె ఆ చెయ్యి వదల్లేదు.

"నీతో ఒక మాట చెప్పి పోదామని ఇంత దూరం వచ్చినాను నాయనా."

"కోట గురించి ఏం కావాలన్నా అడగండమ్మా, చెప్తాను. ఇంకేమీ వద్దు."

కోపంగా అనలేదు. చిల్లర లేదని చెప్పినట్టు చెప్పాడు.

ఆమె కాసేపు అతని కళ్ళల్లోకి చూసి, చెయ్యి వదిలింది.

"సరేలే. నువ్వు చెప్పు, నేను ఇంటాను."

అతను చెప్పాడు. ఏ రాజు ఎప్పుడు వచ్చాడో, ఏ గోడ ఎప్పుడు పడిందో అంతా చెప్పాడు. ఆమె ఊ కొడుతూ వింది. ఎండ పాదాల మీదికి వచ్చినా కదల్లేదు.

నాలుగో చోట, కొండ కింద పాత గోడ దగ్గర, ఇంకొంచెం సేపు ఊరికే కూర్చుందామని అడిగింది. మధ్యాహ్నం ఇంకొకరు వస్తున్నారని అబద్ధం చెప్పి మునికుమార్ కుర్చీ మడవబోయాడు. అది మడిచే కుర్చీ కాదని అప్పుడు గుర్తొచ్చి భుజాన వేసుకున్నాడు.

తిరుపతి బస్టాండులో దిగాక ఆనందమ్మ ఒక కర్రను ఆటోకు ఆనించి, అతని తల మీద చెయ్యి పెట్టింది. పెదాలు కదిలాయి. ప్రార్థన కాబోలు.

"ఎప్పుడైనా ఇనాలనిపిస్తే ఫోన్ చెయ్యి నాయనా" అని మాత్రం అంది.

అతను చెయ్యలేదు.

రెండు నెలల తర్వాత నిస్సీ ఫోన్ చేసింది. మునికుమార్ కోటకు పోయే దారిలో ఆటో పక్కకు ఆపి ఎత్తాడు.

ఆదివారం తెల్లవారుజామున నిద్రలోనే అమ్మ పోయిందని చెప్పింది. అయ్యో అన్నాడు. మంచి మనిషి అన్నాడు. తనతో అందరూ అన్న మాటలే తన నోటి నుంచి వస్తున్నాయి. నిస్సీ అవన్నీ విని, కొంచెం ఆగి అడిగింది.

"అన్నా, ఆ రోజు అమ్మ మీకు చెప్పిందా?"

"ఏం చెప్పలేదమ్మా. కోట సూసి పోయింది."

నిస్సీ గొంతు తగ్గించింది.

"చెప్పిందనుకుంటా ఉండాం. మా అమ్మ కాళ్ళు విరిగింది ఆ బస్సులోనే అన్నా, మీ ఆమెది పక్క సీటు."

మునికుమార్ ఆటో కడ్డీ పట్టుకున్నాడు.

"అంబులెన్సు వచ్చేదాకా మీ ఆమె తల మా అమ్మ ఒళ్ళోనే ఉండాది, ఆఖర్లో మీకు చెప్పమని ఒక మాట చెప్పిందంట, అది ఆయనకు తప్ప ఇంకెవరికీ చెప్పకూడదని అమ్మ మాకు కూడా చెప్పకుండానే పోయింది."