ఎలుగమ్మ ఇంటి చాక్లెట్ ఫౌంటెన్

కూతురి పుట్టినరోజుకి ఎలుగమ్మ పెరట్లో చాక్లెట్ ఫౌంటెన్ పెట్టింది. కరిగిన చాక్లెట్ అంచెలంచెలుగా జారుతుంటే, వచ్చిన వాళ్లంతా గుటకలు మింగారు.

"ముందు సింహంగారు రుచి చూడాలి. అందాకా ఎవరూ చెయ్యి పెట్టొద్దు!" అంది ఎలుగమ్మ.

"పిల్లలు ఆగలేకపోతున్నారు వదినా," అంది కుందేలు.

"కాసేపు ఆగితే అరిగిపోరులే!"

ఎండ వాలింది. చల్లగాలికి చాక్లెట్ గడ్డకట్టింది. కుందేలు, ఉడత, జింక మొహాలు ముడుచుకుని పిల్లలతో ఇళ్లకు వెళ్లిపోయాయి. కూతురు ఏడ్చి ఏడ్చి ఓ మూల పడుకుంది.

అప్పుడొచ్చింది సింహం. ఎలుగమ్మ ఉబ్బితబ్బిబ్బై, ముందే చాక్లెట్‌లో ముంచి దాచిన, పుల్లకు గుచ్చిన అరటిపండు ముక్క అందించింది.

"అబ్బే, పిప్పిపన్ను సలుపుతోంది. తీపి ముట్టను. మజ్జిగుంటే కాసిని ఇప్పించు," అంది సింహం. తాగేసి, మూతి తుడుచుకుని వెళ్లిపోయింది.

ఖాళీ పెరడు చూసి ఎలుగమ్మకు సిగ్గేసింది. గబగబా పొయ్యి రాజేసి చాక్లెట్ మళ్లీ కరిగించింది. కూతుర్ని లేపి, చాక్లెట్‌లో ముంచిన మొదటి అరటిపండు ముక్క దాని చేతికే ఇచ్చింది. గుట్టెక్కి గొంతెత్తి అరిచింది.

"వదినా! పిల్లల్ని తీసుకురా! ఇంక ఎవరికోసమూ ఆగక్కర్లేదు!"

ఆమె గుట్ట దిగి వచ్చేసరికి, కుందేలు పిల్లలు చెవులదాకా చాక్లెట్‌లో ఉన్నారు.