తాత చేసిన పుణ్యం

ఎమ్లిన్ ఇంగ్లండు రగ్బీ జట్టు తెల్ల జెర్సీని బల్లమీద పెట్టగానే, ఇద్వల్ తాత తన టీ కప్పును దూరంగా జరిపాడు.

“వేల్స్‌లో పుట్టి వాళ్ళ తరఫున ఆడతావా? సిగ్గులేదురా?”

“మనవాళ్ళు నన్ను తీసుకోలేదుగా, తాతయ్యా! అవ్వాతాతల్లో ఒక్కరు అక్కడ పుట్టుంటే చాలన్నారు వాళ్ళు.”

“అయితే మీ అవ్వ పుణ్యమే!”

నెస్టా అవ్వ చప్పున తిరిగింది. “నా మీదికి తొయ్యకు. మా అత్తగారు నిండు నెలలతో లండన్‌లో మ్యాచ్‌కెళ్ళారు. వేల్స్ ఓడింది, నువ్వు పుట్టావు. ఒకే పూట రెండు దెబ్బలు!”

తాత గొంతు తగ్గించాడు. “మెల్లగా! పబ్బులో తెలిస్తే నేనిక తలెత్తుకోలేను.”

ఎమ్లిన్ నసిగాడు. “రేపు పేపర్లో వేస్తున్నారు, తాతయ్యా. నీ ఫొటోతో సహా.”

“ఏ ఫొటో?”

“వేల్స్ జెండా కప్పుకుని ఏడుస్తున్నావే, అది.”