సున్నా పడని క్లాసు

వెనక బెంచీలోంచి గురక వినిపించేసరికి మాస్టారి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

"లేపమంటారా సార్?" ఆటో డ్రైవరు లేవబోయాడు.

"వద్దులే. లేపితే మాత్రం ఏం చేస్తాడు, ఇటు తిరిగి పడుకుంటాడు."

ఆ మాట అనడానికి కూడా మాస్టారికి ఓపిక లేదు. పొద్దుటి నుంచి ట్యుటోరియల్ కాలేజీలో అరిచి అరిచి గొంతు పోయింది. కాళ్లు పీకుతున్నాయి. ఈ సాయంత్రం క్లాసు, ఉద్యోగాలు చేసుకుంటూ పరీక్షకు చదివేవాళ్ల కోసం పెట్టింది. జీతం పేరుకే. అయినా ఎందుకో ఈ క్లాసంటే ఆయనకు ప్రాణం.

ఈ గది ఇచ్చిన ఆఫీసువాళ్లకు మాత్రం ఇది గుదిబండ. ఒక్కరోజు గది ఖాళీగా కనిపించినా సరే, క్లాసు ఎత్తేసి గదిని కంప్యూటర్లకు ఇచ్చేస్తామని మొహం మీదే చెప్పేశారు. అందుకే రోజూ అటెండరు తలుపు తోసి, తలలు లెక్కపెట్టుకుని పోతాడు.

వచ్చేవాళ్లందరివీ కుదురులేని బతుకులే. బేరం తగిలితే ఆటో డ్రైవరు రాడు. షాపులో రద్దీ ఉంటే సేల్స్‌గర్ల్ రాదు. అందరిలోకీ శ్రద్ధగా వినేది ముందు బెంచీ అమ్మాయి. ఆసుపత్రి లాండ్రీలో పని. సాయంత్రం డ్యూటీ పడిందంటే ఆమె కూడా రాదు. ఇవాళా రాలేదు.

ఆమెకు ఈ ఒక్క లెక్కల పేపరే మిగిలింది. గట్టెక్కితే అదే ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. పరీక్ష వచ్చే నెలే.

"క్లాసు ఆగిపోకుండా చూడండి సార్, నాకు ఇంకెక్కడా చెప్పేవాళ్లు లేరు" అని ఒకసారి మాస్టారిని బతిమాలింది కూడా.

ఇక వెనక బెంచీ మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. పరీక్షలు రాసే వయసు ఎప్పుడో దాటిపోయింది. ఒకరోజు వస్తాడు, ఒకరోజు రాడు. వచ్చాడా, చెప్పులు బెంచీ కింద పెట్టి, గోడకు ఆనుకుని కళ్లు మూస్తాడు. పుస్తకం లేదు, పెన్ను లేదు. ఫ్యాను గాలికి వస్తాడని అందరి అనుమానం. కుంభకర్ణుడని పేరు కూడా పెట్టేశారు.

మాస్టారు మళ్లీ బోర్డు వైపు తిరిగారు.

"మన క్లాసుకు ఎంతమంది వస్తారు? ఆ సంఖ్యను ఎక్స్ అందాం. రేపు అది ఎంతో ముందే చెప్పలేం. కాబట్టి యాదృచ్ఛిక చలరాశి. సున్నా కావచ్చు, ఒకటి కావచ్చు, రెండు కావచ్చు. ఒకటిన్నర మాత్రం కాదు, సగం మనిషి రాడు కదా. అందుకే విచ్ఛిన్న చలరాశి అంటాం. ఒక్కో విలువకు ఒక్కో సంభావ్యత, అన్నీ కలిపితే ఒకటి. ఇదే సంభావ్యతా విభాజనం."

పట్టిక గీసి, సున్నా దగ్గర ఆగారు.

"మీ వరస చూస్తే లెక్క ప్రకారం ఎప్పుడో ఒకప్పుడు సున్నా పడాలి. ఇన్ని నెలల్లో ఒక్కసారీ పడలేదు."

"ఎందుకంటారు సార్?" సేల్స్‌గర్ల్ అడిగింది.

"పాఠం బాగుంటే సున్నా ఎందుకు పడుతుందమ్మా?" అన్నారు మాస్టారు. అంత అలసటలోనూ ఆయనకు అదొక్కటే గర్వం.

"మరి మన కుంభకర్ణుణ్ణి ఎంత కింద రాసుకోవాలి సార్? సగం మనిషా?" ఆటో డ్రైవరు కన్నుగీటాడు.

"సగం కూడానా? నిద్రపోయే తల లెక్కలోకి రాదు. సున్నా కింద రాసుకో."

అందరూ ఘొల్లున నవ్వారు. గురక ఆగింది.

"నిద్రపోతే లెక్కలోకి రానా సార్?" అన్నాడు వెనక బెంచీ మనిషి. కోపం లేదు, వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

మాస్టారికి విసుగొచ్చింది. "రారు. పాఠం వినేవాళ్లకే ఇక్కడ లెక్క."

"నాకు తెలియదు సార్" అని అతను చెప్పులేసుకుని నెమ్మదిగా వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. అతని సంగతి అందరూ మరిచిపోయారు కూడా.

తర్వాతి వారం ఒకరోజు వాన దంచికొట్టింది. మాస్టారు తడుస్తూ వచ్చి, ఖాళీ బెంచీల ముందు కూర్చున్నారు.

అటెండరు తలుపు తోశాడు. "ఎవరూ రాలేదా సార్?"

"వస్తారు. కాసేపు ఆగు."

పాపం, ఆగాడు. ఎవరూ రాలేదు.

"ఆ పడుకునే ఆయనైనా లేడేంటి సార్? ఎన్నిసార్లు ఆయనొక్కడి తలే చూసి రాసుకున్నానో. మీరింకా రాకముందే గోడకు ఆనుకుని ఉండేవాడు."

"నిద్రపోయే తల కూడా రాసుకున్నావా?"

"నాకు తల కావాలి గానీ, మెలకువతో నాకేం పని సార్?"

మర్నాడు సాయంత్రానికి గదిలో బెంచీలు లేవు. కంప్యూటర్ల బల్లలు దించుతున్నారు. మాస్టారు సుద్దముక్కల డబ్బా సంచిలో పెట్టుకుంటుంటే ముందు బెంచీ అమ్మాయి ఆయాసపడుతూ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మూసేశారా సార్?"

"నిన్న ఎవరూ రాలేదమ్మా. సున్నా పడింది."

"నిన్న నాకు డ్యూటీ సార్."

"నువ్వేం చేస్తావులే. ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. నా ఖర్మ."

ఆమె వెనక బెంచీ ఉండే చోటువైపు చూసింది.

"మా నాన్న పగలు గోడౌనులో మూటలు మోస్తాడు, రాత్రి కాపలాకి వెళ్తాడు సార్. మధ్యలో ఈ సాయంత్రమే కాస్త నిద్ర. నాకు డ్యూటీ పడిన రోజు గది ఖాళీగా ఉండకూడదని, ఆ నిద్రేదో ఇక్కడికొచ్చి పోయేవాడు. సార్ చెప్పారంటే నిజమే అనుకున్నాం... 'నిద్రపోయే తల లెక్కలోకి రాదంట తల్లీ, ఇన్నాళ్లూ ఊరికే వెళ్లొచ్చాను' అన్నాడు."