ఇరవైకి ఇరవై

"నోరిప్పొద్దు కాకా. నేను గూడ ఇప్ప. వార్త చూడు, గ్లాసుల వెయ్యి. గంతే" అంది సమ్రీన్.

మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో పెద్దులు చాయ్ హోటల్. బల్ల మీద మూడు ఖాళీ గ్లాసులు: ఒకటి మంచి వార్తకు, ఒకటి చెడ్డదానికి, ఇంకొకటి రెండూ కానిదానికి. జర్నలిజం ప్రాజెక్టు కోసం సమ్రీన్ ఇరవై వార్తలు కత్తిరించి, ఏది ఏదో తను ముందే గుర్తు పెట్టుకుంది. రెండో మనిషి విడిగా చూసినా అదే తేలాలి, అప్పుడే పరిశోధన నిలుస్తుందని సార్ చెప్పాడు. రోజూ పొద్దున్నే కళ్లద్దాలు పెట్టుకుని, పేపరు ముందేసుకుని కూర్చునే పెద్దులు కంటే తగినవాడు ఎవరు?

"గిటు దిక్కు కూసో బిడ్డా. జర వెలుతురు పడాలె."

సమ్రీన్ జరిగి కూర్చుని ఒక్కొక్కటే అందించింది. పెద్దులు ప్రతి ముక్కనూ తీరిగ్గా పట్టుకుని, అద్దాల మీదుగా ఓసారి ఆమె మొహం చూసి, గ్లాసులో వేశాడు.

ఇరవైకి ఇరవై కలిశాయి!

లెక్చరర్ బాలనర్సయ్య నమ్మలేదు. "పెండ్లిపిలగాని విగ్గు కోతి ఎత్తుకపోతే మంచి వార్తనా? ఇద్దరికిద్దరు గట్లనే పెట్టిన్రా? కూడబలుక్కున్నరు. ప్రాజెక్టు రద్దు."

"నాకు నవ్వొచ్చింది సార్, మంచిదని పెట్టిన. కాక ఎందుకు పెట్టిండో నాకెర్కలేదు. ఒట్టు!" సమ్రీన్‌కు ఏడుపొక్కటే తక్కువ.

"నేనే వచ్చి చూస్త."

మర్నాడు సార్ పది కొత్త వార్తలు, ఏది ఏదో తనే ముందు తేల్చుకుని తెచ్చాడు. సమ్రీన్‌ను రోడ్డవతల నిలబెట్టి, ఒక్కొక్కటే తనే అందించడానికి కూర్చున్నాడు.

"మీరు గూడ జర గిటు జరుగున్రి సార్" అన్నాడు పెద్దులు.

పదికి పది!

బాలనర్సయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ముప్పై ఏండ్లసంది పాఠం చెప్తున్న. పేపరును గింత లోతుగ పట్టినోన్ని చూడలే. ఎట్లన్నా?"

"ఏమున్నది సార్, చాయ్ పోసెటోనికి వచ్చిపోయే గిరాకీల సంగతి ఎర్కుండదా?"

సార్ పకపకా నవ్వాడు. సమ్రీన్‌ను కేకేసి పిలిచి, ప్రాజెక్టు పాసైందన్నాడు. సంచిలోంచి ఒక కాగితం తీసి, 'ఈ వార్తలన్నీ నేనే చదివి నిర్ణయించాను' అని రాసి, పెద్దులు ముందుకు జరిపాడు.

"గీడ సంతకం పెట్టన్నా."

పెద్దులు ఎడమ బొటనవేలు చాపాడు.